పెద్ద తెర మీద బరువెక్కిన బాణం: పదిహేను రోజుల డైరీ

మొదటి రోజు

ఏడేళ్ళుగా వాడుతున్న 24 అంగుళాల మానిటర్‌ని పక్కన పెట్టి 27 అంగుళాల 4కె మానిటర్ బిగించాను. నేను చేసేది గీతల బొమ్మల పని. ఒక వంపు మీదుండే చిన్న చిన్న బిందువుల్ని మౌస్‌తో పట్టుకుని, ఒకదాన్ని కాస్త ఇటు, ఇంకోదాన్ని కాస్త అటు జరుపుతూ గంటల తరబడి కూర్చోవాలి. అందుకే ఎక్కువ పిక్సెళ్ళున్న తెర కావాలని చాలాకాలంగా కోరిక. పాత తెర 1920 అడ్డం, 1080 నిలువు. కొత్తది 3840 అడ్డం, 2160 నిలువు. 20,73,600 పిక్సెళ్ళుండే చోట ఇప్పుడు 82,94,400. సరిగ్గా నాలుగింతలు.

అక్షరాలు కడిగి ఆరబెట్టినంత శుభ్రంగా కనిపించాయి. మౌస్ కదిపాక ఆ సంతోషం సగమైంది. బాణం చేతి వెంట రావడం లేదు. బురదలో నడిచే మనిషిలా కాళ్ళీడ్చుకుంటూ వస్తోంది. సెట్టింగ్స్‌లో పాయింటర్ వేగం పెంచితే బటన్ దగ్గర ఆగకుండా దాటిపోతోంది. తగ్గిస్తే మళ్ళీ బరువు. పైగా ఇంత పెద్ద తెర మీద బాణం ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తోందని దాని సైజు కూడా పెంచాను.

రాత్రి పడుకునే ముందు ఒక ఆలోచన వచ్చింది. నేను "స్లో" అని ఒక్క మాటతో తేల్చేస్తున్నది అసలు ఒకే జబ్బేనా? కాగితం తీసుకుని మూడు మాటలు రాశాను. దూరం: బాణం తెరకి ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్ళాలంటే చెయ్యి ఎంత కదలాలి. ఆలస్యం: చెయ్యి కదిలాక బాణం కదలడానికి ఎంతసేపు. కుదుపు: బాణం సాఫీగా వెళ్తోందా, ఎగిరెగిరి పడుతోందా. వేగం స్లైడర్ మార్చేది మొదటిదాన్ని మాత్రమే. మిగతా రెండూ అలాగే ఉండగా మొదటిదాన్ని ఎంత తిప్పినా ప్రయోజనం ఉండదు. రేపటి నుంచి ఒక్కోదాన్ని విడివిడిగా కొలవాలి. ఒక రోజులో ఒక్క మార్పు, అంతకు మించి వద్దు.

రెండో రోజు

డిస్‌ప్లే సెట్టింగ్స్ తెరిచాను. రిఫ్రెష్ రేటు 30 హెర్ట్జ్ అని ఉంది! నిన్న ఆ పేజీ తెరిచి కూడా నేను చూసింది రిజల్యూషన్ ఒక్కటే. దాని కిందున్న గడి మీద చూపు పడలేదు.

30 హెర్ట్జ్ అంటే తెర మీద బొమ్మ 33.3 మిల్లీసెకన్లకు ఒకసారి మారుతుంది. ఆ మధ్యలో చెయ్యి ఎంత కదిలినా బాణం పాత చోటే కనిపిస్తుంది. 60 హెర్ట్జ్ అయితే ఆ విరామం 16.7 మిల్లీసెకన్లు. బరువుగా అనిపించిందంటే అనిపించదా మరి!

కారణం కూడా తేలిగ్గానే దొరికింది. నా గ్రాఫిక్స్ కార్డు పాతది. బొమ్మని మానిటర్‌కి పంపే దాని హెచ్‌డీఎంఐ పోర్టు 1.4 రకం. ఆ ప్రమాణం 2009లో వచ్చింది, సెకనుకు గరిష్ఠంగా 1,020 కోట్ల బిట్లు మోస్తుంది. 4కె తెరకి పిక్సెల్‌కు 24 బిట్ల చొప్పున సెకనుకు 60 ఫ్రేములు, అంటే 60 పూర్తి బొమ్మలు, పంపాలంటే బొమ్మకే దాదాపు 1,194 కోట్ల బిట్లు కావాలి. పట్టదు. అందుకని కార్డు, మానిటర్ తమలో తాము మాట్లాడుకుని 30 దగ్గర సర్దుకున్నాయి. 2013లో వచ్చిన హెచ్‌డీఎంఐ 2.0 అయితే 1,800 కోట్లు మోస్తుంది కాబట్టి ఈ తిప్పలు ఉండేవి కావు.

అదృష్టం కొద్దీ అదే కార్డుకి డిస్‌ప్లేపోర్ట్ 1.2 అనే ఇంకో రకం పోర్టు కూడా ఉంది. దానికి 4కె 60 హెర్ట్జ్ లెక్క కాదు. కేబుల్ మార్చాను, 60 వచ్చింది. తేడా కంటికి వెంటనే తెలిసింది. అయినా పాత మానిటర్ మీద ఉన్నంత హాయి ఇంకా రాలేదు. అది కూడా 60 హెర్ట్జే కాబట్టి ఇంకేదో ఉంది.

మూడో రోజు

కొలత లేకుండా ముందుకు వెళ్ళకూడదనుకున్నాను. చేతికి తెలిసేది నిజమే గానీ, చేతికి మరపు కూడా ఎక్కువే. ఒక గంట వాడితే ఎంతటి ఆలస్యమైనా అలవాటైపోతుంది.

ఫోన్‌లో స్లో మోషన్ వీడియో సెకనుకు 240 ఫ్రేములు తీస్తుంది. అంటే ఒక్కో ఫ్రేము 4.17 మిల్లీసెకన్లు. ఫోన్‌ని స్టాండుకి బిగించి, మౌస్, తెర రెండూ ఒకే ఫ్రేములో పడేలా పెట్టాను. మౌస్‌ని ఒక లావుపాటి పుస్తకానికి ఆనించి, అక్కడి నుంచి ఒక్క ఉదుటున పక్కకి లాగాను. తర్వాత వీడియోని ఫ్రేము ఫ్రేముగా జరుపుతూ, మౌస్ కదిలిన మొదటి ఫ్రేము నుంచి బాణం కదిలిన మొదటి ఫ్రేము దాకా లెక్కపెట్టాను. ఇరవైసార్లు చేసి సగటు తీయడం. విసుగు పుట్టించే పనే, కానీ ఇంతకంటే నమ్మదగ్గ కొలత నా దగ్గర లేదు.

పోలిక కోసం హెచ్‌డీఎంఐ కేబుల్ మళ్ళీ పెట్టి 30 హెర్ట్జ్ దగ్గర కూడా కొలిచాను. సగటున 23 ఫ్రేములు, అంటే దాదాపు 96 మిల్లీసెకన్లు. డిస్‌ప్లేపోర్ట్‌తో 60 దగ్గర 16 ఫ్రేములు, 67 మిల్లీసెకన్లు. పాత మానిటర్‌ని పాత సెట్టింగ్స్‌తో తగిలిస్తే 10 ఫ్రేములే, 42 మిల్లీసెకన్లు. నా చెయ్యి అబద్ధం చెప్పలేదు.

అయిదో రోజు

నిన్నంతా కొలతల్లో గందరగోళం. అదే సెట్టింగ్స్, అదే కేబుల్, అయినా పొద్దున ఒక సగటు, మధ్యాహ్నం ఇంకో సగటు. మూడు, నాలుగు ఫ్రేముల తేడా. టెన్షన్ పడి వీడియోలన్నీ మళ్ళీ చూస్తే విషయం బయటపడింది. పొద్దున బాణం తెర పైభాగంలో ఉంది, మధ్యాహ్నం కిందిభాగంలో.

మానిటర్ బొమ్మని ఒక్కసారిగా మార్చదు. పై వరుస నుంచి కింది వరుస దాకా ఒక్కొక్కటిగా గీసుకుంటూ వస్తుంది. 60 హెర్ట్జ్ దగ్గర ఆ ప్రయాణానికే ఫ్రేము సమయం దాదాపు మొత్తం, అంటే 16 మిల్లీసెకన్ల వరకూ పడుతుంది. అందుకే కింద ఉన్న బాణం పైనున్న దాని కంటే ఆలస్యంగా కదిలినట్టు కనిపిస్తుంది. తెర మధ్యలో చిన్న గుర్తు పెట్టి, ఇకపై ప్రతి కొలతా అక్కడి నుంచే మొదలుపెట్టాలని నిర్ణయించుకున్నాను. మూడో రోజు కొలతలన్నీ మధ్యలోనే చేశాను కాబట్టి అవి పనికొస్తాయి. ఈ పరీక్ష చేయాలనుకునే వాళ్ళు ముందు ఈ గుర్తు పెట్టుకోండి, ఒక రోజు మిగులుతుంది.

ఆరో రోజు

ఈ రోజు అసలు దొంగ దొరికాడు.

వందల గీతలున్న పెద్ద బొమ్మ తెరిచి జూమ్ చేస్తున్నాను. ప్రోగ్రాం బొమ్మని మళ్ళీ గీసుకుంటున్నంత సేపూ బాణం కూడా బిగుసుకుపోతోంది, తర్వాత ఒక్కసారి గెంతుతోంది. పాత మానిటర్ మీద అలా జరిగేది కాదు. బొమ్మ ఎంత నెమ్మదిగా వచ్చినా బాణం మాత్రం హాయిగా తిరిగేది. ఈ తేడాలోనే జవాబుంది.

మామూలుగా బాణం తెర బొమ్మలో భాగం కాదు. గ్రాఫిక్స్ కార్డులో దానికి వేరే చిన్న పొర ఉంటుంది. గాజు పలక మీద పెట్టిన చిన్న కాగితం ముక్కలాంటిది. కార్డు పిక్సెళ్ళని మానిటర్‌కి పంపే చివరి క్షణంలో ఆ ముక్కని పైన అతికిస్తుంది. మౌస్ కదిలితే ఆ ముక్క ఎక్కడుండాలో చెప్పే రెండు అంకెలు మారితే చాలు, కింద ఉన్న 82 లక్షల పిక్సెళ్ళని ఎవరూ ముట్టుకోనక్కర్లేదు. దీన్నే హార్డ్‌వేర్ కర్సర్ అంటారు. ఏ కారణం చేతనైనా ఆ పొర వాడే వీలు లేకపోతే డెస్క్‌టాపే బాణాన్ని బొమ్మలో కలిపి గీస్తుంది. అది సాఫ్ట్‌వేర్ కర్సర్. అప్పుడు బాణం ఒక్క అడుగు వేయాలన్నా తర్వాతి ఫ్రేము తయారయ్యేదాకా ఆగాలి. ఆ ఫ్రేము ఆలస్యమైతే బాణమూ ఆలస్యమే.

నాది ఏ రకమో తేల్చుకోవడానికి తేలికైన పరీక్ష ఉంది. తెర మీది ఒక కిటికీని, అంటే ప్రోగ్రాం విండోని, పై పట్టీ దగ్గర పట్టుకుని గబగబా అటూ ఇటూ లాగాలి. హార్డ్‌వేర్ కర్సర్ అయితే బాణం ముందు పోతుంది, కిటికీ కాస్త వెనక వస్తుంది. సాఫ్ట్‌వేర్ అయితే రెండూ అతుక్కుని కలిసి నడుస్తాయి, ఎందుకంటే రెండూ ఒకే ఫ్రేములో గీసినవి. నా వీడియోలో రెండూ అతుక్కునే ఉన్నాయి. చూడటానికి అదే బాగుందనిపిస్తుంది గానీ, రెండూ సమానంగా వెనకబడ్డాయన్నమాట.

మరి కార్డులో పొర ఉండగా ఎందుకు వాడటం లేదు? నేను వాడేది లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్, దాని మీద గ్నోమ్ అనే డెస్క్‌టాప్. తెర మీద బొమ్మలు చూపే పనికి అది వాడేది వేలాండ్ అనే పద్ధతి. డీఆర్‌ఎం ఇన్ఫో అనే చిన్న సాధనం కార్డు సామర్థ్యాలన్నీ వరుసగా చూపిస్తుంది. అందులో కర్సర్ వెడల్పు 64, ఎత్తు 64 అని ఉంది. అంటే ఆ కాగితం ముక్క 64 పిక్సెళ్ళకి మించకూడదు. కొత్త కార్డుల్లో చాలావాటికి 256 దాకా ఉంటుంది. నాది పాతది.

ఇప్పుడు లెక్క చూడండి. గ్నోమ్‌లో బాణం మామూలు సైజు 24. తెర మీద అన్నీ పెద్దవిగా కనిపించేలా చేసే స్కేలింగ్‌ని 200 శాతం పెట్టాను కాబట్టి అది 48 పిక్సెళ్ళవుతుంది, 64లో పడుతుంది. కానీ మొదటి రోజు బాణం కనబడటం లేదని సైజు పెంచాను కదా, అప్పుడు ఎంచుకున్నది 48. దానికి రెట్టింపు 96. ముక్కలో పట్టదు. డెస్క్‌టాప్ ఏ హెచ్చరికా చూపకుండా సాఫ్ట్‌వేర్ కర్సర్‌కి మారిపోయింది. సౌకర్యం కోసం నేను చేసిన మార్పే బాణం కాళ్ళకి రాయి కట్టింది.

24కీ 48కీ మధ్య 32 సైజు ఉంది. రెట్టింపు సరిగ్గా 64. అది పెట్టగానే కిటికీ పరీక్షలో బాణం ముందుకు వెళ్ళింది, కిటికీ వెనకబడింది. పెద్ద బొమ్మ గీసుకుంటున్నప్పుడు కూడా బాణం ఆగలేదు. కొలిస్తే సగటు 10 ఫ్రేములు, 42 మిల్లీసెకన్లు. పాత మానిటర్‌తో సమానం!

బాణం కనిపించకపోతే ఏం చేయాలన్నదానికి వేరే దారి దొరికింది. గ్నోమ్ యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్‌లో పాయింటర్‌ని చూపించే సదుపాయం ఉంది. కంట్రోల్ కీ నొక్కితే బాణం చుట్టూ వలయం వస్తుంది. చూపు మందగించి నిజంగా పెద్ద బాణం అవసరమైన వాళ్ళకి మాత్రం ఇది సరిపోదు. పాత కార్డుల మీద వాళ్ళు పెద్ద బాణం కోసం ఇంత ఆలస్యం భరించాల్సి రావడం నాకు బాధగా ఉంది. కనీసం సెట్టింగ్స్ పేజీలో ఒక వాక్యం చెప్పినా బాగుండేది.

ఇంకో మాట. 2023 సెప్టెంబరులో వచ్చిన గ్నోమ్ 45లో, మిగతా డెస్క్‌టాప్ ఎంత పనిలో ఉన్నా బాణం ఆగకుండా కదలడానికి దాని పనిని వేరే థ్రెడ్‌కి, అంటే విడిగా సమాంతరంగా నడిచే పనిదారికి, అప్పగించారు. మంచి మార్పు. కానీ హార్డ్‌వేర్ కర్సర్ ఉంటేనే ఆ లాభం అందుతుంది. కాబట్టి ముందు చూసుకోవాల్సింది ఈ పొర సంగతే.

తొమ్మిదో రోజు

రెండు రోజులు పని ఒత్తిడిలో దీన్ని ముట్టుకోలేదు. ఆలస్యం తగ్గింది, కానీ బాణాన్ని వేగంగా తిప్పితే ఇంకా చిన్న చిన్న కుదుపులు. సెకనుకు నాలుగైదుసార్లు ఎక్కడో తట్టుకున్నట్టు.

పైథాన్‌లో ఇరవై వరుసల స్క్రిప్టు, అంటే చిన్న ప్రోగ్రాం, రాశాను. మౌస్ పంపే ప్రతి కబురుకీ లినక్స్ గుండెకాయ లాంటి కెర్నెల్ మైక్రోసెకన్లతో సహా సమయం ముద్ర వేస్తుంది. రెండు కబుర్ల మధ్య ఎంత విరామమో లెక్కించి పట్టీగా చూపడమే స్క్రిప్టు పని. మౌస్‌ని ఆపకుండా, వేగంగా గుండ్రంగా తిప్పుతూ కొలవాలి. నెమ్మదిగా తిప్పితే పంపడానికి కబురే లేక మధ్యలో ఖాళీలు వస్తాయి, అవి చూసి మౌస్ చెడ్డదనుకోకూడదు.

విరామాలన్నీ 8 మిల్లీసెకన్ల దగ్గర గుంపుగా ఉన్నాయి. అంటే సెకనుకు 125 కబుర్లు. ఇక్కడే కుదుపు లెక్క తేలింది. తెరకి సెకనుకు 60 ఫ్రేములు. ఒక్కో ఫ్రేముకి రెండేసి కబుర్లు పంచితే 120 అయిపోతాయి, ఇంకా 5 మిగులుతాయి. ఆ అయిదూ ఏదో ఒక ఫ్రేములో మూడోదిగా దూరతాయి. బాణం సెకనుకు 4,000 పిక్సెళ్ళ వేగంతో పోతోందనుకుంటే ఒక్కో కబురుకి 32 పిక్సెళ్ళు. కాబట్టి మామూలు ఫ్రేములో 64 పిక్సెళ్ళ అడుగు, సెకనుకు అయిదుసార్లు మాత్రం 96 పిక్సెళ్ళ గెంతు. నా కంటికి తట్టిన నాలుగైదు ఇవే! ఈ లెక్క కాగితం మీద సరిపోయినప్పుడు కలిగిన సంతోషం ఈ పదిహేను రోజుల్లో ఇంకెప్పుడూ కలగలేదు. పాత తెర మీద కూడా ఈ గెంతులుండే ఉంటాయి, కానీ అక్కడ పిక్సెళ్ళు సగం కాబట్టి 32, 48గా ఉండేవి. నేను పట్టించుకోలేదు.

లినక్స్ కెర్నెల్‌లో మౌస్, కీబోర్డుల పని చూసే యూఎస్‌బీ హిడ్ అనే భాగానికి మౌస్‌పోల్ అనే పరామితి ఉంది. దానికి ఇచ్చే అంకె మిల్లీసెకన్లు. 1 ఇస్తే సెకనుకు 1000 సార్లు, 2 ఇస్తే 500 సార్లు మౌస్‌ని అడుగుతుంది. విలువ మార్చాక మౌస్ పీకి మళ్ళీ గుచ్చాలి, లేకపోతే పాతదే నడుస్తుంది. ఈ సంగతి గుర్తు లేక అరగంట పోయింది. 1 పెట్టి చూస్తే విరామాలు ఒకటి, రెండు, మూడుగా చెల్లాచెదరయ్యాయి. నా మౌస్ అంత వేగంగా కొత్త సమాచారం తయారుచేయలేకపోతోంది. 2 దగ్గర మాత్రం చక్కగా కుదురుకుంది. ఇప్పుడు ఫ్రేముకి 8 కబుర్లు, అప్పుడప్పుడు 9. అదే వేగానికి 64 పిక్సెళ్ళ చోట 72. కంటికి ఆనదు.

ఎక్కువసార్లు అడగడం వల్ల ప్రాసెసర్ మీద కాస్త భారం పెరుగుతుంది. నా పాత యంత్రం మీద కూడా అది లెక్కలోకి తీసుకోవాల్సినంత లేదు.

పదో రోజు

వైర్‌లెస్ మౌస్ కూడా ఒకటుంది, దానితో ప్రయత్నించాను. విరామాల పట్టీలో అక్కడక్కడా 40, 50 మిల్లీసెకన్ల గోతులు. రిసీవర్ పక్క పోర్టులోనే యూఎస్‌బీ 3.0 డిస్కు ఉంది. ఆ రకం డేటా ప్రయాణం 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో అలజడి పుట్టిస్తుందని ఇంటెల్ 2012లోనే ఒక పత్రం ప్రచురించింది. ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో రిసీవర్‌ని మౌస్ పక్కకి తెచ్చాను. గోతులు పోయాయి. బొమ్మల పనికి మాత్రం తీగ మౌసే వాడతాను.

పన్నెండో రోజు

ఆలస్యం, కుదుపు అయ్యాయి. ఇక దూరం. మొదటి రోజు అందరం పట్టుకునేది దీన్నే. చివరికి మిగలాల్సింది కూడా ఇదేనని ఇప్పుడు తెలుస్తోంది, ఎందుకంటే బాణం ఆలస్యంగా కదులుతున్నంత కాలం ఏ వేగం మన చేతికి సరిపోతుందో తెలుసుకోలేం.

నా మౌస్ 800 డీపీఐ మీద ఉంది. అంగుళం కదిలితే 800 అడుగులు లెక్కపెడుతుందన్నమాట. స్కేలు పక్కన పెట్టి సరిగ్గా అయిదు అంగుళాలు జరిపి, స్క్రిప్టుతో అడుగులన్నీ కూడి చూస్తే 4,000కి కాస్త తక్కువొచ్చింది. డబ్బా మీద రాసింది నిజమే. అడుగుకి ఒక పిక్సెల్ అయితే పాత తెర దాటడానికి 2.4 అంగుళాలు, కొత్త తెరకి 4.8 అంగుళాలు. మొదటి రోజు కాసేపు స్కేలింగ్ 100 శాతం పెట్టి చూసినప్పుడు మౌస్‌ని ఎత్తి ఎత్తి పెట్టాల్సి వచ్చింది అందుకే.

200 శాతం పెట్టగానే ఆ బాధ పోయింది, ఎందుకంటే గ్నోమ్ వేలాండ్‌లో బాణం కదలికని కూడా స్కేలింగ్‌కి తగ్గట్టు పెంచుతుంది. కొన్ని డెస్క్‌టాప్‌లు ఇలా పెంచవు. పెంచడం వల్ల చెయ్యి కదిలే దూరం మళ్ళీ 2.4 అంగుళాలైంది. కానీ మౌస్ ఒక్క అడుగు వేస్తే బాణం రెండు పిక్సెళ్ళు గెంతుతుంది. బటన్లు, మెనూల విషయంలో ఇది అడ్డు కాదు. మనస్తత్వవేత్త పాల్ ఫిట్స్ 1954లో చెప్పిన సూత్రం ప్రకారం ఒక గురిని అందుకోవడానికి పట్టే సమయం దూరానికీ గురి వెడల్పుకీ ఉన్న నిష్పత్తిని బట్టి ఉంటుంది. స్కేలింగ్‌తో దూరం, వెడల్పు రెండూ రెట్టింపవుతాయి, నిష్పత్తి మారదు. నా బిందువుల పని మాత్రం అలా కాదు. ఒక పిక్సెల్ సవరణ కోసమే కదా ఈ తెర కొన్నది. బాణం రెండేసి పిక్సెళ్ళు గెంతుతుంటే నాలుగింతల తెర ఉండీ నాకు దక్కేది పాత తెరంత సూక్ష్మతే.

అందుకని వేగాన్ని సాఫ్ట్‌వేర్ నుంచి తీసేసి మౌస్‌కి అప్పగించాను. మౌస్ మీది బటన్‌తో 1600 డీపీఐకి మార్చాను. సెట్టింగ్స్‌లో యాక్సెలరేషన్‌ని ఫ్లాట్ చేసి, అంటే చేతి వేగాన్ని బట్టి బాణం దూరం పెరగకుండా చేసి, వేగం విలువ సున్నా నుంచి మైనస్ 0.5కి దించాను. ఫ్లాట్ పద్ధతిలో అది సగం చేస్తుంది. 1600లో సగం, దాన్ని స్కేలింగ్ రెట్టింపు చేస్తే అంగుళానికి మళ్ళీ 1600 పిక్సెళ్ళే. చెయ్యి కదిలేది అదే 2.4 అంగుళాలు, కానీ ఒక అడుగుకి ఇప్పుడు సరిగ్గా ఒక పిక్సెల్. 2400 కూడా పెట్టి చూశాను, బిందువు మీద ఆగి ఉన్నప్పుడు చేతి వణుకు కూడా బాణంలో కనిపించింది. 1600 దగ్గరే ఆపేశాను.

ఫ్లాట్‌కి అలవాటు పడటానికి కొంత సమయం పడుతోంది. యాక్సెలరేషన్ ఉంటే వేగంగా లాగినప్పుడు బాణం ఇంకా ఎక్కువ దూరం పోతుంది. మెనూల దాకా వెళ్ళడానికి అది సుఖమే. కానీ ఒకే దూరం చెయ్యి కదిపితే ప్రతిసారీ బాణం ఒకే దూరం వెళ్ళాలన్నది నా పనికి ముఖ్యం. అందుకే దీనితోనే ఉంటాను.

పదిహేనో రోజు

మానిటర్ మెనూలో గేమ్ మోడ్ ఉందని నిన్న చూశాను. బొమ్మని మెరుగుపరచడానికి మానిటర్ తన లోపల చేసుకునే పనుల్ని అది ఆపేస్తుంది. పెట్టి కొలిస్తే సగటు 10 నుంచి 8 ఫ్రేములకి దిగింది, 33 మిల్లీసెకన్లు. రంగులు మాత్రం కాస్త గాఢమయ్యాయి, అదే మెనూలో కాంట్రాస్టు తగ్గించి సర్దుకున్నాను.

96 నుంచి 33. ఖర్చయింది ఒక కేబుల్.

మధ్యాహ్నం మొదటి రోజు సగంలో వదిలేసిన బొమ్మ తెరిచాను. ఒక వంపు మీద పదకొండు బిందువులు సరిచేయాల్సి ఉంది. కీబోర్డు బాణం కీలు ముట్టుకోకుండా, మౌస్‌తోనే పదకొండూ కూర్చోబెట్టాను. పాత మానిటర్‌ని రెండో తెరగా పక్కన పెట్టుకోవాలని ఉంది. ఒక తెర 200 శాతం, ఇంకోటి 100 శాతం. బాణం ఒకదాన్నుంచి ఇంకోదానికి దాటే అంచు దగ్గర ఏమవుతుందో చూడాలి. ఫోన్ స్టాండు ఇంకా తీయలేదు.